మొండితనం కాదు, భయం

మా అక్క కూతురు తాడేపల్లిగూడెంలో ఒకటో తరగతి. ఇంట్లో వసపిట్ట, బళ్ళో మూగనోము. "రెండు తగిలిస్తే అదే మాట్లాడుతుంది" అన్నారొకరు. కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కుకోమన్నారు ఇంకొకరు. మొక్కుకోండి, తప్పులేదు. కొట్టడమే తప్పు.

ఏలూరులో చూపిస్తే సెలెక్టివ్ మ్యూటిజం అన్నారు. 1994 దాకా అమెరికా మానసిక వైద్యుల పుస్తకం కూడా దీన్ని 'ఎలెక్టివ్' అనే రాసింది, అంటే కావాలనే నోరు మూసుకుందని! 2013లో ఆందోళన రుగ్మతల్లో చేర్చారు.

వైద్యం ఇదీ: ఖాళీ క్లాసులో అమ్మతో ఆడుతూ మాట్లాడాలి. టీచరు ముందు గుమ్మం దాకా, కొన్నాళ్ళకి పక్కదాకా రావాలి. తర్వాత అమ్మ మెల్లగా తప్పుకోవాలి. బలవంతం కూడదు, గుసగుసలాడినా మెచ్చుకోవాలి.

బడివాళ్ళు మాత్రం "రోజూ గది ఇవ్వడం కుదరదండీ" అన్నారు. పావుగంట ఇవ్వలేని బడికి అన్ని వేలు దేనికి కడుతున్నట్టు?