కారుషెడ్డు మీద మేడగది

కుమారునికి పెండ్లి కుదిరింది. యింట్లో గది చాలదు. పెరటిలో విడిగా కారుషెడ్డు వున్నది. దానిమీద ఒక గది వేస్తే యెట్లా వుంటుంది? తిరువళ్లూరు, తిరుత్తణిలలో తాతల నాటి యిండ్లలో వుంటున్న మన కుటుంబాలలో యీ ఆలోచన వినవస్తూనే వున్నది. మంచి ఆలోచనే. పిల్లలు చెన్నపట్నంలో అద్దెయింటికి పోకుండా కండ్లయెదుట వుంటారు. కాని పైన గది యెట్లా వుండాలని ఆలోచించేముందు, క్రింది షెడ్డు యెంత మోయగలదో చూసుకోవాలి.

నేను గుమాస్తాను, ఇంజనీరును కాను. అయినా కూడికలూ గుణకారాలూ మన చేతిలోనివే గదా! 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గల రేకుల షెడ్డును తీసుకొందాము. నాలుగంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు అడుగుకు సుమారు 23 కిలోలు తూగుతుంది. గదికి నేల ఒక స్లాబు, కప్పు ఒక స్లాబు. రెండూ కలిసి 8 టన్నులు. నాలుగున్నర అంగుళాల యిటుకగోడలు నాలుగువైపులా పదడుగుల యెత్తు లేపితే, తలుపులూ కిటికీలూ పోను మరి 10 టన్నులు. మనుషులకూ సామానుకూ చదరపు మీటరుకు 200 కిలోలు కట్టాలని ప్రమాణం. అది 3 టన్నులకు పైన. మొత్తం 21 టన్నులకు తగ్గదు. వేయి లీటర్ల నీళ్లతొట్టి పెడితే యింకొక టన్ను. కేవలం రేకులు మోయడానికి లేపిన సన్నగోడలూ, వాటి పైపైపునాదీ యింత బరువు కోసం కట్టినవి కావు.

అందుచేత "గోడలు గట్టిగానే వున్నాయయ్యా, వేసేద్దాం" అని మేస్త్రి అన్నంతమాత్రాన తలవూపరాదు. గోడ ప్రక్కన ఒక గుంట త్రవ్వించి, పునాది యెంతలోతు వున్నదో, దాని క్రింద యేమట్టి వున్నదో ఇంజనీరుకు చూపించాలి. తిరుత్తణిలో కొండదాపు స్థలమైతే కొద్ది లోతులోనే రాయి తగలవచ్చు. తిరువళ్లూరు వైపు చెరువుదాపు బంకమట్టి అయితే వానకు వుబ్బి, యెండకు బీటలువారి పునాదిని కదలించవచ్చు. సాధారణంగా మేలైన మార్గమేమంటే, పాతగోడలపై భారం పెట్టక, మూలలలోనూ అవసరమైతే నడుమనూ కొత్త పునాదులు తీసి, స్తంభాలు లేపి, దూలాలు వేసి వాటిమీద గదిని నిలబెట్టడం. ఖర్చు పెరుగుతుంది, నిజమే. గదిని కొంచెం చిన్నది చేసుకోండి. స్తంభాలలో కమ్మిని మాత్రం తగ్గించకండి.

ఇక అనుమతి సంగతి. 2019 నాటి తమిళనాడు కట్టడ నియమాల ప్రకారం స్థలం చుట్టూ కొంత ఖాళీ వదలాలి. ప్రహరీకి ఆనించి కట్టిన షెడ్డుపై మేడకు అది అడ్డు రావచ్చు. 2,500 చదరపు అడుగులకు మించని స్థలంలో, 3,500 చదరపు అడుగులకు మించని యింటికి స్వయంధ్రువీకరణ పద్ధతి 2024లో వచ్చింది. మీ గది దానిలోకి వస్తుందో రాదో ముందే విచారించండి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అంతకుముందు తాతగారి పేర తెలుగులో వ్రాసిన దస్తావేజు మీ పెట్టెలో వుంటే భద్రపరచండి; కాని ప్లానుకు కావలసింది నేటి పట్టా. అది అన్నదమ్ములందరి పేర వుంటే, అందరి సమ్మతీ ముందుగానే కాగితం మీద తీసుకోండి. గది లేచిన తర్వాత అడగడం తగాదాకు దారి.

పని సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే ఆశ్వయుజ కార్తీకాల వానలు తప్పుతాయి. స్లాబును కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటైతే 10 రోజులు తడిగా వుంచాలి. దూలాల క్రింది వూతలను 14 రోజులకు ముందు తీయనీయకండి. ఆడికృత్తికకు చుట్టాలు వస్తున్నారని తొందరపడవద్దు.

చివరకు, ఆ గది యెవరికి? వృద్ధులను మాత్రం పైకి పంపకండి. రాత్రివేళ మెట్లు దిగి, వానలో పెరడు దాటడం వారివల్ల కాదు. గది కొత్తదంపతులకే యివ్వండి. స్నానాలగది కూడా పైనే అమర్చండి. కొత్తకోడలికి తలుపు వేసుకొని కూర్చునే చోటు ఒకటి వుండాలి. వంట మాత్రం క్రింద ఒక్కటే వుంటే, రెండుపూటలా అందరూ ఒక పంక్తిన కూర్చుంటారు.