ఘంటసాల గీత బతికున్నవాళ్లది: బేస్తవారిపేట శ్రోతల ప్రణాళిక

తెల్లారకముందే మైకులో ఘంటసాల గొంతు వినపడితే మన బేస్తవారిపేటలో ముందు వచ్చే మాట "ఎవరు పోయినారు?" అని. ఏ శ్లోకం పాడుతున్నాడో ఎవరూ వినరు. ఏ వీధి నుంచి వస్తోందో చెవి పెట్టి, ఆ వీధిలో మంచాన పడ్డవాళ్లెవరో గుర్తు చేసుకుంటారు. కంభంలో, గిద్దలూరులో, మార్కాపురంలో, రాచర్ల, కొమరోలు, అర్ధవీడు పల్లెల్లో ఇదే తీరు. కొండ దాటి నంద్యాల వైపు పోయినా, కిందికి దిగి ఒంగోలు వైపు పోయినా తేడా లేదు.

మేము ఆ రికార్డును కోరి వినేవాళ్లం. మాలో మిరప, బత్తాయి పెట్టిన రైతులున్నారు, పలకల పనికి పోయి వచ్చినవాళ్లున్నారు, బడిపంతుళ్లున్నారు, పౌరాణిక నాటకాలకు హార్మోనియం పట్టినవాళ్లున్నారు. పొద్దున్నే దీపం పెట్టి దండం పెట్టేవాళ్లూ ఉన్నారు, దేవుడే లేడనేవాళ్లూ ఉన్నారు. ఆ గొంతు దగ్గర మాకు తగాదా లేదు. మేమంతా కూడి చెప్పేది ఒకటే. ఘంటసాల వెంకటేశ్వరరావు పాడిన భగవద్గీత బతికున్నవాళ్లు కూచుని, మొదటి నుంచి చివరి దాకా వినవలసిన సంగీతం. చావుకబురు చెప్పే గంటగా దాన్ని కుదించిన అలవాటు మారాలి. మా ఊరి నుంచే మారాలి.

ఆ రికార్డు ఎలా పుట్టిందో ముందు చెప్పుకోవాలి. చాలామందికి తెలియదు కాబట్టే ఈ అలవాటు ఇంత గట్టిపడింది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన మనిషి. విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యుడు. క్విట్ ఇండియా ఉద్యమంలో బళ్లారి అలీపురం జైలు చూసి వచ్చినవాడు. పాతాళభైరవి, దేవదాసు, మాయాబజార్, లవకుశ అనే నాలుగు పేర్లు చెబితే చాలు, మన ముందు తరం వాళ్ల యవ్వనమంతా అందులోనే ఉంది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చింది. చక్కెర జబ్బు అప్పటికే ఉంది. చాలారోజులు ఆసుపత్రిలో ఉండి బయటికొచ్చాక ఆయన మనసు గీత మీదికి పోయింది. అది పాడాక సినిమా పాటలు మానుకోవాలనుకున్నాడు. గురువుగారి కుమారుడు, తనకు ఏళ్లతరబడి తోడున్న పట్రాయని సంగీతరావు గారు ఈ పనిలోనూ వెంట ఉన్నారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల కన్నుమూశాడు. హెచ్.ఎం.వి. రికార్డు జనంలోకి వచ్చేసరికి ఆయన లేడు. కన్నుమూసేనాటికి ఆయన వయసు 51 ఏళ్లు.

పాడినవాడు పోయాకే పాట బయటికొచ్చింది. ఆ కబురుతో పాటే జనం దాన్ని విన్నారు. చావుకూ ఆ రికార్డుకూ ముడి అక్కడే పడి ఉంటుందని మాలో కొందరి నమ్మకం. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. మైకుసెట్టు బాడుగకిచ్చే ప్రతి అంగట్లోనూ ఆ క్యాసెట్టు ఒకటి చేరింది. ఎవరైనా పోతే చెట్టుకు హారన్ కట్టి అది పెట్టడం మర్యాద అయింది. ఇప్పుడు క్యాసెట్టు పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, శవాన్ని తీసుకుపోయే బండిలోనే స్పీకరు ఉంది. మర్యాద మాత్రం అలాగే ఉంది.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. ఆ గొంతు వింటే ఊరు నిద్ర లేస్తుంది, హోటలువాడు పాలు పొయ్యి మీద పెడతాడు. పదేళ్లు గడిచాక వచ్చిన ఘంటసాల గీత వింటే తల్లి పిల్లల్ని లోపలికి పిలుస్తుంది. రెండూ సంస్కృత శ్లోకాలే. రెండూ మన ఇళ్లల్లోకి రికార్డు మీదే వచ్చాయి. ఒకదానికి పొద్దు, ఒకదానికి పాడె దక్కాయి. ఇది ఎవరూ కూచుని తీర్మానించింది కాదు, వాడుకలో జరిగిపోయింది. వాడుకలో జరిగినదాన్ని వాడుకతోనే మార్చుకోవచ్చు.

మా వాదంలో అన్నిటికన్నా బలమైన మాట ఇది. గీత చెప్పేనాటికి కురుక్షేత్రంలో ఇంకా ఒక్క ప్రాణమూ పోలేదు. శంఖాలు మోగాయి గానీ బాణం పడలేదు. రథం మీద ఒక బతికున్న మనిషి, చేతులు వణికి, నోరెండి, విల్లు జారవిడిచి కూలబడ్డాడు. ఇంకో బతికున్న మనిషి అతనికి మాట చెబుతున్నాడు, లేచి నీ పని నువ్వు చెయ్యమని. మొదటి అధ్యాయానికి పేరే విషాదయోగం. వానలు ఎగ్గొట్టి, బోరు ఎండి, అప్పు మీద పడి అరుగు మీద కూలబడ్డ రైతులు మన పడమటి ప్రకాశంలో ఎంతమంది! పరీక్ష పోయిందని గది తలుపేసుకున్న పిల్లలు ఎంతమంది! ఆ మాట వినవలసింది వాళ్లు. చాపమీద పడుకోబెట్టిన మనిషి చెవిన వేసి, కూలబడ్డ మనిషికి మాత్రం దాన్ని అపశకునం చేసి పెట్టాం.

ఇంకో సంగతీ ఉంది. ఇన్ని చావుల్లో ఇన్నిసార్లు విన్నా, మన ఊళ్లో ఆ రికార్డును పూర్తిగా విన్నవాళ్లు తక్కువ. మైకు ఆన్ చేస్తారు, మొదటి అధ్యాయం పోతుంది, రెండోది పోతుంది. ఎవరో మాట్లాడాలని ఆపుతారు, మళ్లీ మొదటి నుంచి పెడతారు. ఎత్తుబడి వేళకు కట్టేస్తారు. క్యాసెట్టు రెండో వైపు మన జనానికి దాదాపు తెలియదు. విశ్వరూపం అటువైపే ఉంది. పదకొండో అధ్యాయం దగ్గర ఆ గొంతు ఎంత పెద్దదవుతుందో, చూస్తున్న అర్జునుడి భయం శ్లోకం నడకలోకి ఎలా వస్తుందో వినకుండా, "ఘంటసాల గీత నాకు తెలుసు" అనడం సరికాదు.

పద్యం సంగతి చెప్పకుండా ఈ ప్రణాళిక ముందుకు సాగదు. మన ప్రాంతం పద్యనాటకం ఒంటబట్టిన ప్రాంతం. తిరునాళ్లకు రాయబారం సీను లేకుంటే రాత్రి గడిచేది కాదు. తిరుపతి వేంకట కవుల పద్యం ఎత్తుకుని నటుడు రాగం తీస్తే, తీసి తీసి ఊపిరి అయిపోయిందాకా లాగితే, జనం ఒన్స్‌మోర్ కొట్టేవాళ్లు. అందులో గొప్పతనం ఉంది, మేము తక్కువ చేయం. అయితే రాగం నిలిచిన చోట మాట మునిగిపోయేది. ఘంటసాల సినిమాకు పద్యం పాడేటప్పుడు ఆ రాగాన్ని కురచ చేశాడు. 1967లో వచ్చిన శ్రీకృష్ణావతారంలో అవే రాయబారం పద్యాలు ఆయన గొంతులో వినండి. ఎక్కడ ఆగితే అర్థం తెలుస్తుందో అక్కడే ఆగుతాడు. సమాసాన్ని విరవకూడని చోట విరవడు. రాగం పద్యం చివర్లో కొద్దిగా, మాట దిగబడ్డాక వస్తుంది. చదువు రాని మనిషికి కూడా పద్యంలో కృష్ణుడు బెదిరిస్తున్నాడో బతిమాలుతున్నాడో తెలిసిపోతుంది.

గీతలో ఆయన చేసింది దానికి పై మెట్టు. సంస్కృతం మనకు రాదు. అయినా ఒక్కో అక్షరం వేరుగా, నిండుగా వినపడుతుంది. ఒత్తు ఒత్తుగా, దీర్ఘం దీర్ఘంగా పలుకుతాయి. తొందర లేదు. వాద్యాలు గొంతుకు దారి వదిలి పక్కన నడుస్తాయి. సినిమాల్లో నవ్వించి, ఏడిపించి, ఆ గొంతు చేసిన విన్యాసాలేవీ ఇక్కడ లేవు, ఆయన కావాలనే వదిలేశాడని మేమనుకుంటాం. జబ్బుపడి లేచిన మనిషి ఊపిరి అందులో తెలుస్తుందని మాలో హార్మోనియం పట్టినవాళ్లు అంటారు. ఆ ఊపిరి తగ్గుదలే శ్లోకానికి నిదానం తెచ్చిందని కూడా వాళ్లే అంటారు.

శ్లోకం అయ్యాక ఆయనే తెలుగులో అర్థం చెబుతాడు. దీని మీద మాలో వాదం ఇంకా తెగలేదు. శ్లోకాలు మాత్రం వరసగా వినిపిస్తే సంగీతం ధార తెగదని ఒక పక్షం. ఆ మాటలు లేకుంటే మన ఇళ్లల్లో అమ్మలకు, నాన్నలకు గీత ఎప్పటికీ అందేది కాదని రెండో పక్షం. ఎక్కువమందిమి రెండో పక్షమే. పాడే ఘంటసాల అందరికీ తెలుసు, పక్కన కూచుని నెమ్మదిగా విడమరిచి చెప్పే ఘంటసాల ఈ రికార్డులోనే దొరుకుతాడు. అందుచేత వ్యాఖ్యానం కోసేసిన ప్రతులను మేము వినిపించం.

700 శ్లోకాల్లో నూటికి కాస్త పైబడి మాత్రమే పాడాడు, అది సగం పని కాదా అని అడిగేవాళ్లున్నారు. ఎల్.వి. గంగాధరశాస్త్రి గారు తర్వాత మొత్తం 700 పాడారు. ఆ శ్రమకు దండం పెడతాం. కానీ ఏరుకోవడం కూడా ఒక రచనే. ఎల్.పి. రికార్డు ఒక వైపు ఎక్కువసేపు పట్టని రోజులవి. ఏ శ్లోకం ఉంచాలి, ఏది వదలాలి అన్న లెక్కలోంచే ఆ రికార్డుకు నడక వచ్చింది. విషాదంతో మొదలై, పనిలోకి, ధ్యానంలోకి, విశ్వరూపంలోకి, భక్తిలోకి, మళ్లీ విల్లు అందుకునే దాకా సుమారు గంటలో తీసుకుపోతాడు.

ఇలాంటి వాదం మనకే కాదు. ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ 1968లో 30 పాటలతో రెండు ఎల్.పి.ల జంట విడుదల చేశారు. జనం దాన్ని తెల్ల అట్ట ఆల్బం అంటారు. వాళ్ల నిర్మాత జార్జ్ మార్టినే దాన్ని ఒక్క రికార్డుకు కుదించి ఉంటే బాగుండేదన్నాడు. ఏ పాటలు తీసేయాలని అభిమానులు అర్ధశతాబ్దం దాటినా తగువులాడుకుంటూనే ఉన్నారు, ఏ ఇద్దరి చిట్టా ఒకటి కాదు. కత్తిరించాలని కూచున్న ప్రతివాడూ చివరికి మొత్తం మళ్లీ వింటాడు. మన గీత మీద కూడా అలాంటి తగువులు రావాలని మా కోరిక. ఏ శ్లోకం బాగా పాడాడు, ఎక్కడ తేలిపోయింది అని టీ అంగడి దగ్గర కొట్లాడుకునే రోజు వస్తే, ఆ రికార్డు మళ్లీ సంగీతంలోకి వచ్చినట్టే.

మేము ఒప్పుకున్న నడవడి ఇది. చావు ఇంట్లో గీత పెట్టడాన్ని మేము అడ్డుకోం, ఎవరినీ తప్పు పట్టం. మనిషి పోయిన ఇంట్లో ఆ గొంతు ఆసరా అయిందని చెప్పినవాళ్లు మాలోనే ఉన్నారు. అయితే అక్కడ కూడా హారన్ కట్టొద్దని అడుగుతాం. ఇంట్లో చిన్న స్పీకరు చాలు, ఏడుస్తున్నవాళ్లకు వినపడితే చాలు. ఊరందరికీ కబురు చెప్పడానికి ఫోన్లున్నాయి. మైకుసెట్టు అన్నలకు మా మనవి: అన్నా, పెట్టినప్పుడు రెండో భాగం కూడా పోనివ్వండి, మొదటి పది నిమిషాలనే తిప్పి తిప్పి వేయకండి.

గృహప్రవేశానికి, పుట్టినరోజుకు, పిల్లల అక్షరాభ్యాసానికి, పొలంలో మొదటి దుక్కికి, ఎవరిష్టప్రకారం వాళ్లు మా ఇళ్లల్లో ఆ రికార్డు పెట్టుకుంటాం. మొదట్లో పక్కింటివాళ్లు పరుగున వస్తారు, ఏమైందని అడుగుతారు. కూచోబెట్టి, మజ్జిగ ఇచ్చి, వినమంటాం. పెద్దవాళ్లు "అశుభం రా" అంటే ఎదురు చెప్పం, విల్లు జారిన కథ గుర్తు చేస్తాం. వాళ్లు ఒప్పుకున్న ఇంట్లోనే పెడతాం.

శ్లోకాన్ని రింగ్‌టోనుగా కోయం. ఆ గొంతు కింద కొత్త డప్పులు, కీబోర్డులు కలిపినవాటిని పంచం. ఘంటసాల గొంతును యంత్రంతో అనుకరించి పాడించినవి మేము ఆయన పేరుతో పిలవం. దీన్ని ఏ మతం జెండా కిందా, ఏ పార్టీ సభలోనూ మా పేరు మీద వినిపించనివ్వం. దర్గాకు పోయేవాళ్లూ, చర్చికి పోయేవాళ్లూ వచ్చి వినేలా ఉండాలి, సంగీతం వినడానికి వస్తున్నామని వాళ్లకు నమ్మకం కుదరాలి.

ఏటా మూడు పొద్దులు కలిసి వింటాం. ఫిబ్రవరి 11న, డిసెంబరు 4న, మార్గశిర శుద్ధ ఏకాదశి నాటి గీతాజయంతికి. మొదటి వైపు అయ్యాక కాసేపు ఆగుతాం, క్యాసెట్టు తిప్పినంతసేపు. అప్పుడు ఎవరేమైనా మాట్లాడవచ్చు. రెండో వైపు మొదలయ్యాక మాట్లాడకూడదు. చందా లేదు, అధ్యక్షుడు లేడు, శాలువాలు లేవు.

ఒక్క పని మాత్రం ఆలస్యం చేయలేం. మొదటి రికార్డులు, తొలి క్యాసెట్లు అటకల మీద చెదలు పడుతున్నాయి. ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్న ప్రతులు చాలావాటిలో మొదట్లో, చివర్లో కోతలున్నాయి. బేస్తవారిపేట, కంభం, తర్లుపాడు, గిద్దలూరు, మార్కాపురం చుట్టుపక్కల ఎవరింట్లోనైనా హెచ్.ఎం.వి. రికార్డు గానీ పాత క్యాసెట్టు గానీ ఉంటే, టేపు తెగినా, అట్ట పోయినా సరే, మాకు కబురు చేయండి. మేమే వచ్చి తీసుకుపోతాం. మంచి సూది ఉన్న ప్లేయరు మీద ఎక్కించి, నకలు తీసుకుని, మీ రికార్డు మీకు మీ ఇంట్లోనే అప్పగిస్తాం, నకలు కూడా ఒకటి ఇస్తాం.