వృద్ధ వాద్యకారుడును అతని అభిమానులును

రాక్ సంగీతము యౌవనస్థుల సొత్తని లోకము తలంచిన కాలమొకటి యుండెను. ఆ సంగీతము పుట్టి ఇప్పటికి డెబ్బది యేండ్లు గడచినవి. నాడు దానిని వాయించి తల్లిదండ్రులకు తలనొప్పి కలిగించిన బాలురు నేడు తాతలైరి. కొందఱు గతించిరి, మిగిలినవారిలో పలువురు నేటికిని వేదిక నెక్కుచునే యున్నారు. అందువలన వారి యభిమానుల నడుమ ఒక తగవు బయలుదేఱినది. చేయి మందగించిన వాద్యకారుడు సభలో వాయింపవచ్చునా, లేక గిటారును పెట్టెలో పెట్టి యింట కూర్చుండవలయునా అనునదియే ఆ తగవు. మన పై తరగతుల విద్యార్థులలో గిటారు నేర్చుకొనుచున్నవారు పలువురు కలరు. వారు గురువులుగా నెంచుకొని రికార్డులలో విను వాద్యకారులు అనేకులు డెబ్బది, ఎనుబది యేండ్లు దాటినవారు. కావున ఈ తగవును విచారించుట మన పత్రికకు అనుచితము కాదు.

ఈ విషయమున ఎరిక్ క్లాప్టన్ అను ఆంగ్లేయుని చరిత్ర చక్కని నిదర్శనము. ఆతడు 1945వ సంవత్సరము మార్చి 30వ తేదీన ఇంగ్లండులోని సర్రే మండలమున రిప్లీ గ్రామములో జన్మించి, అమ్మమ్మ యింట పెరిగెను. 1963లో యార్డ్‌బర్డ్స్ అను మేళములో చేరెను. 1965లో జాన్ మేయాల్ మేళమునకు మాఱెను. 1966లో జాక్ బ్రూస్, జింజర్ బేకర్ అను వారితో గూడి క్రీమ్ అను మేళమును స్థాపించెను. అది మూడేండ్లైనను నిలువలేదు. 1968 నవంబరు 26వ తేదీన లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో వారు వీడ్కోలు సభ జరిపిరి. అయినను దాని కీర్తి నేటికిని తఱుగలేదు. అమెరికాలోని నల్లజాతివారి బ్లూస్ గానము క్లాప్టన్ వాద్యమునకు మూలము. వేగముగా వాయించుట యొకటియే ఆతని ప్రజ్ఞ కాదు. ఒక్క స్వరమును పట్టి, దానిని సాగదీసి, కంపింపజేసి, మనుష్యుని కంఠమువలె విలపింపజేయుట ఆతని విద్య. 1991లో నాలుగేండ్ల కుమారుని పోగొట్టుకొని, ఆ దుఃఖమునుండియే ఒక పాటను కూర్చెను. 1993లో ఆతనికి ఆరు గ్రామీ బహుమానములు లభించినవి.

ఆతని యౌవనములో, 1960వ దశకము నడుమ, లండనులోని యొక గోడమీద ఎవరో అభిమాని "క్లాప్టన్ దేవుడు" అని పెద్ద యక్షరములతో వ్రాసెను. ఆ వ్రాత క్రింద ఒక కుక్క కాలెత్తి గోడను తడుపుచున్న ఛాయాచిత్రము మిక్కిలి ప్రసిద్ధము. వ్రాసిన మనుష్యునికంటె ఆ మూగజీవికే వివేక మెక్కువ యుండెనని నవ్వుకొనవచ్చును. కాని ఈ గోడవ్రాత నవ్వి విడువదగినది కాదు. నేటి తగవునకు విత్తనము అందే యున్నది.

2016లో క్లాప్టన్ తనకు నరముల వ్యాధి కలిగినదని బహిరంగముగ తెలిపెను. వెన్నెముకనుండి కాళ్లకును చేతులకును ప్రాకు నరములు చెడుటచే ఈ వ్యాధి కలుగును. తిమ్మిరి, నొప్పి, విద్యుత్తు సోకినట్టి బాధ దీని లక్షణములు. 2018 జనవరిలో బి. బి. సి. రేడియోలో మాటలాడుచు, తన చెవులలో ఎడతెగని హోరు కలదనియు, వినికిడి తఱుగుచున్నదనియు, చేతులు అంతంతమాత్రముగ పనిచేయుచున్నవనియు చెప్పెను. పెద్ద యాంప్లిఫయర్ల ముందు ఏండ్లతరబడి నిలిచిన వాద్యకారుల చెవులకు ఇట్టి హాని కలుగుట సామాన్యమే.

గిటారు వాయించువారికి ఈ రెండు వ్యాధుల యర్థము చక్కగ తెలియును. మన వీణకువలెనే గిటారునకును మెట్లుండును. మెట్టుమీద తీగను నొక్కి ప్రక్కకు నెట్టినప్పుడు స్వరము పైకి లేచును. ఎంత నెట్టిన అరస్వరము లేచును, ఎంత నెట్టిన పూర్ణస్వరము లేచును అనుటకు కొలబద్ద ఏదియు లేదు. వ్రేలికొన తాకుడును చెవి వినికిడియును కలిసి ఆ కొలతను నిర్ణయించును. వ్రేలికొన మొద్దుబాఱి, చెవిలో హోరు నిండినవానికి ఆ రెండు కొలబద్దలును ఒక్కమాఱే చేజాఱినట్లగును. అట్టివాడు స్వరము తప్పిన ఆశ్చర్యమేమి? తప్పని స్వరములే ఆశ్చర్యకరములు.

ఇక అభిమానుల వాదములను వినుదము. మొదటి పక్షమువారు ఇట్లందురు: క్రీమ్ మేళమునాటి వాద్యమును మేము విన్నాము, నేటి వాద్యము దాని నీడకును చాలదు, కీర్తితో దిగిపోవలసినవాడు అపకీర్తి వచ్చువఱకు వ్రేలాడుట తగదు, అంతియకాక మేము టిక్కెట్టునకు నిండుగ సొమ్ము చెల్లించుచున్నాము. రెండవ పక్షమువారు దీనిని సహింపరు: ఆతనియందు లోపమే లేదు, లోపము చెప్పువారు కృతఘ్నులు, ఎనుబది యేండ్ల వయస్సులో మీరేమి చేయగలరో చూతుము అందురు. మూడవవారు కొందఱు కలరు. వేగము పోయినది నిజమే, కాని స్వరములోని రుచి పోలేదని వారి మాట.

మొదటి పక్షమువారి మాటను త్రోసిపుచ్చరాదు. సొమ్ము చెల్లించినవానికి సత్యము తెలిసికొను హక్కు కలదు. పాఠము చెప్పలేని యుపాధ్యాయుని తరగతిలో నిలిపి, పిల్లల కాలమును వ్యర్థపఱచుట ధర్మమని యెవరందురు? ప్రేమపేరిట అబద్ధమాడుట ప్రేమ కాదు. కావున రెండవ పక్షమువారి ముఖస్తుతికంటె మొదటివారి నిష్ఠురమే ఒక విధముగ మేలు. అయినను వారును ఒక్క ప్రశ్న వేసికొనవలయును: ఆ వాద్యకారుడు మనలను మోసగించెనా?

ఇచ్చట అమెరికా దేశపు వాద్యకారుల నిద్దఱిని తలంచుకొందము. 2000వ సంవత్సరమున క్లాప్టన్‌తో గూడి ఒక రికార్డు చేసిన బి. బి. కింగ్ బ్లూస్ గానమునకు పెద్ద దిక్కు. ఆతడు 2014 ఏప్రిలులో, 88 యేండ్ల ప్రాయమున, సెయింట్ లూయిస్ నగరములో చేసిన కచ్చేరి తడబడెను. శ్రోతలలో కొందఱు కేకలు వేసిరి, కొందఱు లేచిపోయిరి. చక్కెరవ్యాధికి వేసికొనవలసిన మందు తప్పినదని పిదప ఆతని పక్షమువారు విచారము తెలిపిరి. మఱుసటి సంవత్సరము మే 14వ తేదీన ఆతడు మరణించెను. ఇక గ్లెన్ క్యాంబెల్ అను గాయకుడు, గిటారు వాద్యమునను ప్రవీణుడు, 2011 జూనులో తనకు మతిమఱపు వ్యాధి యైన ఆల్‌జైమర్స్ సోకినదని ముందుగనే లోకమునకు చెప్పి, ఆ తరువాత వీడ్కోలు యాత్ర సాగించెను. సంతానములో ముగ్గురు ఆతని మేళములో నిలిచిరి. పాటల మాటలు ఎదుట నొక తెరమీద కనబడుచుండెను. 2012 నవంబరు 30వ తేదీన కాలిఫోర్నియాలోని నాపా పట్టణమున కడపటి కచ్చేరి చేసెను. ఆ యాత్రలో ఆతడు తడబడిన చోట్ల శ్రోతలు కేకలు వేయలేదు, ఆదరించిరి. మొదటి సభలోని శ్రోతలు దుర్మార్గులు, రెండవవారు సజ్జనులు అని చెప్పుటకు వీలులేదు. మొదటివారికి సంగతి తెలియదు, రెండవవారికి తెలియును. భేదమంతయు ఇందే యున్నది.

కావున వాద్యకారుని విధి సత్యము చెప్పుట. శ్రోత విధి, ఆ సత్యమును విని, రానెంచినచో గౌరవముతో వచ్చుట, లేనిచో నిందింపక ఊరకుండుట. ముందుగ ముద్రించియుంచిన నాదమును రహస్యముగ వినిపించి, తామే వాయించినట్లు నటించువారిని నిందించుట న్యాయము. తన చేతుల స్థితిని తన నోటనే చెప్పినవానిని, మోసగాడన్నట్లు నిందించుట న్యాయము కాదు.

అట్లైన ఇన్ని పరుషోక్తులు ఏల పుట్టుచున్నవి? దీనికి సమాధానము ఆ పాత గోడమీదనే కలదు. మనుష్యుని మనుష్యునిగ ప్రేమించినవారు ఆతని ముదిమిని చూచి కనికరింతురు. మనుష్యుని దేవునిగ నిలిపినవారు ఆతని ముదిమిని క్షమింపలేరు. దేవుడు ముసలివాడగుట వారికి ద్రోహముగ తోచును. విగ్రహమును నిలుపు చేయియు, దానిని పగులగొట్టు చేయియు ఒక్కటే. పది యాజ్ఞలలో మొదటిది సర్వేశ్వరుని మహిమను కాపాడుట కొఱకే యియ్యబడినదని మనము తలంతుము. అది మనుష్యులను కూడ కాపాడుచున్నది. ఏ మనుష్యుని భుజములును మోయలేని బరువును ఆతనిపై పెట్టవలదని అది మనలను వారించుచున్నది. క్లాప్టన్ దేవుడు కాడనుటకు ముదిమివఱకు వేచియుండ నక్కఱలేదు. 1976లో బర్మింగ్‌హాము నగరమున వేదికమీదనుండి వలస వచ్చిన ప్రజలను గూర్చి ఆతడాడిన మాటలు నింద్యములు. మన దేశమునుండి వెళ్లినవారికిని అవి తగిలినవి. మద్యమునకు బానిసయై, విడివడి, 1998లో అట్టివారికొఱకు ఆంటిగ్వా దీవిలో చికిత్సాలయమును స్థాపించినవాడును ఆతడే. దోషములును గుణములును గల మనుష్యుడు. గిటారు చక్కగ వాయించిన మనుష్యుడు. అంతకు మించి చెప్పుట ఆనాడును అబద్ధమే.

అట్లైన ముదుసలి వాద్యకారుడు ఏమి చేయవలయును? ఇందుకు సంఖ్యాకాండము 8వ అధ్యాయములో లేవీయులను గూర్చిన కట్టడ మనకు దారి చూపుచున్నది. వారు ఇరువదియైదేండ్లు మొదలుకొని ఏబది యేండ్లవఱకు ప్రత్యక్షపు గుడారములో పని చేయవలయును. ఏబది దాటినవారు ఆ పని మానవలయును. అయితే వారు వెలివేయబడలేదు. తమ సహోదరులతో గూడ నుండి వారికి తోడ్పడవలసినదని ఆ కట్టడ విధించినది. బరువు దింపబడెను గాని స్థానము తీసివేయబడలేదు. ఎంత కనికరముగల యేర్పాటు! క్లాప్టన్ నేడు చేయుచున్నదియు దీనిని పోలియున్నది. డోయిల్ బ్రామ్‌హాల్ అను చిన్నవయస్సు వాద్యకారుని ప్రక్కన నిలుపుకొని, వాద్యభారమును ఆతనితో పంచుకొనుచున్నాడు. సభ నడుమ కొంతసేపు కుర్చీలో కూర్చుండి, ఆంప్లిఫయరుల హోరులేని గిటారుపై నెమ్మదిగల పాటలు వాయించును. మన కర్ణాటక సంగీత సభలలో వృద్ధ విద్వాంసుని ప్రక్కన శిష్యుడు కూర్చుండి, గురువుగారి ఊపిరి తగ్గినచోట పాటనందుకొనుట మనమెఱుగుదుము. అచ్చట ఎవరును గురువు పని తీఱినదని కేకలు వేయరు.

1968లో ఇరువదిమూడేండ్ల ప్రాయమున వీడ్కోలు సభ చేసిన ఆ రాయల్ ఆల్బర్ట్ హాలులోనే, 2025 మే నెలలో, ఎనుబది యేండ్లు నిండిన క్లాప్టన్ మరల వాయించెను. ఈ రెండు వాద్యములను ప్రక్కప్రక్కన పెట్టి ఏమేమి పోయినదో లెక్కించుట సులభము. వేగము పోయినది, బలము పోయినది. అది సత్యమే గనుక చెప్పవచ్చును. కాని ఏమి మిగిలినదని అడుగుటకు మంచి చెవి కావలయును. నూఱు స్వరములు వాయింపగలవాడు పది వాయించుట యొక విద్య; పదియే వాయింపగలవాడు ఆ పదింటిని ఏఱుకొని వాయించుట వేఱొక విద్య. రెండవది ముదిమి మాత్రమే నేర్పగలదు. మూడవ పక్షమువారు చెప్పు రుచి యిదియే కావచ్చును.

గిటారు నేర్చుకొను మన విద్యార్థులకు ఒక్క మాట. మీ వ్రేళ్లలోని వేగము మీరు సంపాదించినది కొంత, మీకు ఎరువుగ ఇయ్యబడినది కొంత. ఎరువు సొమ్మును ఒకనాడు తిరిగి యియ్యవలయును. ఆదివారమున గుడిలో హార్మోనియము వాయించు పెద్దాయన ఒక స్వరము తప్పినప్పుడు వెనుక వరుసలో నవ్వు వినబడుట కలదు. నవ్వుటకు ముందు ఆయన ఎన్ని యేండ్లనుండి ఆ పీటమీద కూర్చుండుచున్నాడో అడుగుడు. ఆయన తప్పు వాయించెనని తెలిసికొనుటకు మీకు చెవి నిచ్చినదియు ఆయన వాద్యమే కావచ్చును. తప్పును తప్పని యెఱుగుడు. ఆయన ప్రక్కకు పోయి కూర్చుండి, వలసినప్పుడు స్వరమందించుడు.