పందిపిల్లకు నూకలున్నాయి!

ఏది పడితే అది తింటుందని పందికి పేరు. పెద్ద పంది సంగతేమోగానీ, పిల్లకు ఆ మాట అస్సలు నప్పదు. రెండు తొట్లలో రెండు రకాల దాణా పోసి చూడండి... ఒకటి ఖాళీ అవుతుంది, రెండోది అలాగే మిగులుతుంది. నాలుక మీద రుచిమొగ్గలు మనకంటే దానికే ఎక్కువ మరి! తీపంటే ప్రాణం. అలాగని మోసపోదు. పంచదారకు ఎగబడే పిల్ల, డైట్ కూల్‌డ్రింకుల్లో కలిపే ఆస్పర్టేమ్‌ని మాత్రం పట్టించుకోదు!

ఈ రుచుల గొడవ మనకెందుకంటారా? పందిపిల్లకు అసలు గండం తల్లిపాలు మాన్పించినప్పుడే. పుట్టినప్పుడు దాని పొట్ట పాలను మాత్రమే బాగా అరిగించుకుంటుంది. గింజల్లోని పిండిపదార్థాన్ని అరిగించుకునే శక్తి కొన్ని వారాలకుగానీ రాదు. అరగనిది పెడితే విరేచనాలు, నచ్చనిది పెడితే పస్తు. రెండూ ప్రమాదమే. పందుల పెంపకాన్నే నమ్ముకున్న ఎరుకల కుటుంబాలకు ఒక్కో పిల్లా ఒక్కో ఆదాయమే. అందుకే పాలు తాగుతుండగానే, రెండో వారం నుంచి కొద్దికొద్దిగా దాణా అలవాటు చేయాలంటారు పశువైద్యులు.

మరి ఏ గింజ పెట్టాలి? ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు దీనికి జవాబు రైసుమిల్లులోనే దొరుకుతుంది. ధాన్యం ఆడిస్తే బియ్యంతోపాటు ఊక, తవుడు, నూకలు వస్తాయి. ఊక మేతకు పనికిరాదు. తవుడు చౌకే... కానీ పీచు ఎక్కువ. పైగా అందులోని నూనె కొద్దిరోజుల్లోనే ముక్కిపోతుంది. ఆ వాసనకు పిల్ల మూతి తిప్పుకుంటుంది. ఈ తవుడుకు పోటీ కూడా ఉంది. నూనె తీసిన తవుడే కొల్లేరు చుట్టూ చెరువుల్లో కట్ల, రోహు చేపలకు ముఖ్యమైన మేత.

ఇక నూకలు. పీచు తక్కువ, తేలిగ్గా అరుగుతాయి. ఉడికిస్తే మరీ మంచిది. పందులకు ఏ ధాన్యం ఇష్టమో తేల్చడానికి స్పెయిన్ శాస్త్రవేత్తలు చేసి, 2009లో ప్రచురించిన పరీక్షల్లోనూ తెల్లబియ్యం కలిపిన దాణానే కొలమానం. మిగతా ధాన్యాలను దాని పక్కన పెట్టి చూశారు.

చింతలపూడి, జంగారెడ్డిగూడెం మెట్ట పొలాల మొక్కజొన్నా మంచిదే. మెత్తగా మరపట్టించి పెట్టాలి. తడి ఆరకపోతే మాత్రం బూజుపట్టి విషం తయారవుతుంది. దాని దెబ్బ ముందుగా తగిలేది పిల్లలకే.

నూకలొక్కటే సరిపోవు. మాంసకృత్తుల కోసం సోయాచెక్క, చేపల పొడి కలపాలి. రుచికి కాస్త బెల్లం. మేత మార్చాలంటే నాలుగైదు రోజులు పాతదీ కొత్తదీ కలిపి పెట్టాలి. హోటళ్ల ఎంగిలి మెతుకులు పిల్లలకు వద్దు. పెద్దవాటికైనా బాగా మరిగించాకే. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఇలాంటి ఎంగిలితోనూ వ్యాపిస్తుంది. సోకితే మందు లేదు.

తవుడు కంటే నూకల ఖరీదు ఎక్కువే. కానీ ఆ వయసు పిల్ల తినేదెంత? గుప్పెడు! పాలు మాన్పించే ఆ కొద్ది వారాలూ మంచి గింజ పెట్టి, పొట్ట కుదురుకున్నాక తవుడు పాలు పెంచుకుంటూ పోతే సరి. పొదుపు చేయాల్సింది పెద్ద పందుల తొట్టి దగ్గర... పిల్లల దగ్గర కాదు.