పాత కారు బేరం

పిల్లలు అమెరికాలో చదువుకుంటున్న ఇళ్లలో మొదటి సెమిస్టరు గడిచేసరికి ఒక ఫోను వచ్చి తీరుతుంది. చలి గురించీ, వంట గురించీ, గదిలో కూడా ఉంటున్న కుర్రాడి గురక గురించీ మాట్లాడాక, చివర్న కాస్త గొంతు తగ్గించి, “నాన్నా, ఒక పాత కారు కొందామనుకుంటున్నాను” అంటాడు అబ్బాయి. అమ్మాయైనా అంతే. తండ్రికి వెంటనే బ్యాంకు అప్పు గుర్తుకొస్తుంది. తల్లికి యాక్సిడెంటు కళ్ల ముందు కదులుతుంది. రెండూ న్యాయమైన భయాలే.

పోయిన శీతాకాలం నేను డాలస్‌లో మా అమ్మాయి ఇంట్లో నాలుగు నెలలున్నాను. మా మేనల్లుడు అక్కడికి దగ్గర్లోనే ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. అంచేత ఈ భారం నా నెత్తిన పడింది. “అన్నయ్యా, నువ్వు దగ్గరుండి చూడు. వాడు రంగు చూసి కొనేస్తాడు” అని మా చెల్లెలు. “అసలు కారెందుకండీ బావగారూ? నేను ఎం.ఏ. చదివిన రోజుల్లో సైకిలు కూడా అద్దెదే” అని మా బావగారు.

ఎందుకో ఆ ఊరు చూస్తేగాని తెలియదు. జనాభా దాదాపు నాలుగు లక్షలు. అంత ఊళ్లో ఫలానా వీధి నుంచి ఫలానా వీధికి వేళకు నడిచే సిటీ బస్సన్నది లేదు. 2017 నుంచీ, ఫోనులో పిలిస్తే వచ్చే చిన్న వ్యాన్లున్నాయి. అవి వచ్చినప్పుడు వచ్చినట్టు. నడిచిపోదామంటే కాలిబాట సగం దారిలో మాయమై, మనిషి వెళ్లి ఎనిమిది వరసల రోడ్డు అంచున నిలబడతాడు. పాలడబ్బా తెచ్చుకోవాలన్నా ఎవరినో బతిమాలుకోవాలి. అక్కడ కారు విలాసం కాదని నేను బావగారికి ఫోనులో గట్టిగానే చెప్పాను.

వాడి దగ్గర 6,000 డాలర్లున్నాయి. లైబ్రరీలో గంటల లెక్కన పనిచేసి దాచుకున్నది కొంత, తండ్రి పంపింది కొంత. డాలరు 85 రూపాయలు దాటిన ఈ రోజుల్లో అది అయిదు లక్షల పైమాట. అంత డబ్బుందని తెలిసిన మరుక్షణం కుర్రవాడు 6,000 డాలర్ల కార్లు చూడటం మొదలుపెట్టాడు. నేను మొదట మాన్పించిందే అది. ఆరు వేలుంటే నాలుగు వేల చిల్లర కారు చూడాలి. మిగతాది కారుతోపాటు వచ్చే ఖర్చులకు.

అవేమిటంటారా? టెక్సాస్‌లో కారు చేతులు మారితే నూటికి ఆరుంపావు పన్ను. మన రిజిస్ట్రేషను ఆఫీసుల అలవాటు కొద్దీ ధర తగ్గించి రాద్దామని ఎవరైనా సలహా చెబితే వినకండి. అలా రాయటం అబద్ధం; పైగా ప్రయోజనం లేదు. ప్రతి కారుకూ సర్కారు వారి దగ్గర ఒక మార్కెట్ విలువ ఉంటుంది. ఇద్దరు వ్యక్తుల మధ్య జరిగిన బేరంలో ఆ విలువలో నూటికి 80 కన్నా తక్కువ ధర రాస్తే, ఆ 80 వంతుల మీదే పన్ను వేస్తారు. తర్వాత టైర్లు, బ్రేకులు, బ్యాటరీ. ఆపైన ఇన్సూరెన్సు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. అసలు పోటు అక్కడే ఉంది.

ఈ లోగా ఒక ముచ్చట. జార్జి ఎకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త 1970లో పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం ప్రచురించాడు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. 2001లో మరి ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకోవటానికి ఆ వ్యాసమే పునాది. అందులో చెప్పింది మన అమ్మమ్మలకు తెలియని సంగతేం కాదు. కారు మంచిదో చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు గనుక కొనేవాడు మధ్యరకం ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు, ఇంట్లోనే ఉంచుకుంటాడు. చెడ్డ కారున్నవాడు సంతోషంగా అమ్ముతాడు. పోనుపోను బజారులో మిగిలేవి చెడ్డవే. అలాంటి కారును అక్కడివాళ్లు ‘లెమన్’ అంటారు, అంటే నిమ్మకాయ. ఎకర్లాఫ్ 1967-68 ప్రాంతంలో ఒక ఏడాది ఢిల్లీలో ఉన్నాడు. ఆ వ్యాసంలో మన బజారు బియ్యం ప్రస్తావన కూడా ఉంది సుమండీ! బియ్యం రంగులో, బియ్యం ఆకారంలో ఉండే రాళ్లను కావాలనే కలుపుతారనీ, ఇల్లాళ్లు శ్రద్ధగా ఏరుకోవాలనీ రాశాడు. పాత కారు కొనటం అచ్చంగా చేట ముందు పెట్టుకుని కూర్చునే పనే.

మేము మూడు కార్లు చూశాం.

మొదటిది రోడ్డు పక్క పాత కార్ల దుకాణంలో. మిలమిల మెరిసిపోతోంది. 3,900 డాలర్లే. మావాడి మొహం వెలిగిపోయింది. తలుపు తీయగానే గుప్పుమని అత్తరు వాసన. కారులో ఇంత అత్తరెందుకు అని నాకు అనుమానం. సీటు బెల్టును చివరికంటా బయటికి లాగించాను. లోపల చుట్టుకుని ఉండే భాగంలో అడ్డంగా బురద చార కనిపించింది. డిక్కీలో స్పేరు టైరు ఎత్తి చూస్తే అడుగున తుప్పు, సన్నని మట్టి. నీళ్లలో మునిగిన కారన్నమాట. 2017లో హార్వీ తుఫాను హ్యూస్టన్ ప్రాంతాన్ని ముంచినప్పుడు లక్షల కార్లు మునిగాయి. అటువంటివి ఏ తుఫానులో మునిగినా సరే, ఆరబెట్టి, తుడిచి, రాష్ట్రాలు దాటించి అమ్మేవాళ్లు ఉంటారు. మునిగిన కారు నడవదని కాదు, నడుస్తుంది. వైర్ల లోపల తేమ నెమ్మదిగా పని చేసుకుపోయి, ఒకనాడు నడిరోడ్డు మీద ఆగుతుంది.

ఆ కారు అద్దానికి ఒక కాగితం అతికించి ఉంది. దుకాణాలవాళ్లు అమ్మే ప్రతి పాత కారుకూ అది ఉండాలని కేంద్ర ప్రభుత్వ నిబంధన. దాని మీద ‘యాజ్ ఈజ్’ అన్న గడిలో గుర్తు పెట్టి ఉంటే, ఉన్నది ఉన్నట్టు తీసుకుపో, రేపు ఏమైనా మాకు సంబంధం లేదని అర్థం. మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చని కుర్రవాళ్లలో ఒక నమ్మకం ఉంది. దుకాణంలో కొన్న కారుకు అలాంటి హక్కు కేంద్ర చట్టంలో లేదు.

రెండోది మనవాళ్లదే. చదువు ముగించి వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి వెళ్తున్న తెలుగు కుర్రాడు. కారు శుభ్రంగా ఉంది, ధర న్యాయంగా ఉంది, అబ్బాయి మర్యాదస్థుడు. “అంకుల్, డబ్బిచ్చి కారు తీసుకెళ్లమనండి. టైటిల్ నెలలోపల పోస్టులో పంపిస్తాను” అన్నాడు. టైటిల్ అంటే ఆ కారుకు యాజమాన్య పత్రం. అదెందుకు చేతిలో లేదయ్యా అంటే, కారు మీద ఇంకా అప్పుంది, కాగితం అప్పిచ్చినవాళ్ల దగ్గరుంది. మన దగ్గర తీసుకున్న డబ్బుతో అప్పు తీర్చి విడిపిస్తాడట. అతను మోసగాడని నేననను. కాని ఉద్యోగం ఆలస్యమైతే? ఆ డబ్బు మరో అవసరానికి వాడుకుంటే? మా బావగారి నాలుగు లక్షలూ ఒక పరాయి కుర్రాడి మంచితనం మీద ఆధారపడతాయి. “అప్పిచ్చినవాళ్లకే నేరుగా కట్టి, అప్పు తీరినట్టు కాగితం తీసుకుందాం బాబూ” అన్నాను. అతనికి తొందర. కుదరలేదు. మావాడు దారి పొడుగునా, “మావయ్యా, మనవాడే కదా” అని సణుగుతూనే ఉన్నాడు. మనవాడే అయితే కాగితం మరీ జాగ్రత్తగా చూసుకోవాలని నా అభిప్రాయం; తర్వాత అడగటానికి మొహమాటం అడ్డొస్తుంది.

మూడోది 2010 నాటి టయోటా కరోలా. వయసు మళ్లిన దంపతులది. 1,40,000 మైళ్లు తిరిగింది. రంగు వెలిసింది, ఒక తలుపుకు సొట్ట. మావాడు పెదవి విరిచాడు. నేను మాత్రం పెద్దాయన చేతిలో ఉన్న కవరు చూశాను. పదేళ్లుగా ఎప్పుడెప్పుడు ఇంజనాయిలు మార్పించిందీ రసీదులన్నీ అందులో ఉన్నాయి. మెరుపు ఎవరైనా తెప్పించగలరు, పదేళ్ల రసీదులు పుట్టించటం కష్టం.

ముందురోజే ఫోను చేసి, మేము వచ్చేదాకా బండి స్టార్టు చేయవద్దని చెప్పాం. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూశాను, చల్లగా ఉంది. చల్లని ఇంజను నిజం చెబుతుంది. వేడెక్కాక చాలా రోగాలు దాగిపోతాయి. తాళం తిప్పగానే ఇంజను హెచ్చరిక దీపం ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో పీకేశారేమోనని అనుమానించాలి. వెనక నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందని లెక్క. ఆయిలు మూత లోపల మజ్జిగలా తెల్లటి జిడ్డుంటే, రేడియేటరు నీళ్లు ఆయిల్లో కలుస్తూ ఉండవచ్చు. ఇవేవీ లేవు. టైర్ల మీద మాత్రం చివరి నాలుగంకెలు చూడండి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1216 అని ఉంటే 2016లో పన్నెండో వారంలో తయారైందన్నమాట. వీళ్ల ముందు టైర్లు రెండూ ముసలివే.

ఇంత చూసినా నా మాట మీద కొనమనలేదు. అమ్మేవాడికీ మనకూ సంబంధం లేని ఒక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లి, 150 డాలర్లిచ్చి, కారు పైకెత్తించి అడుగంతా చూపించాం. ఆ డబ్బు దండగని మావాడి గోల. అతను ముందు బ్రేకులు అరిగాయనీ, టైర్లు మార్చాలనీ రాసిచ్చాడు. ఆ కాగితం చూపిస్తే పెద్దాయన 4,600 నుంచి 4,200కు దిగాడు. పైగా 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో మామూలు కార్లకు ఏటేటా జరిగే భద్రతా తనిఖీ ఎత్తేశారు. పెద్ద పట్నాలున్న కొన్ని కౌంటీలలో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. కనక బ్రేకులు బాగున్నాయో లేదో చూసుకునే పూచీ ఇప్పుడు కొనేవాడిదే.

తల్లులు ముఖ్యంగా వినవలసింది ఇంకొకటి. ప్రతి కారుకూ 17 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక నంబరు ఉంటుంది. డ్రైవరు వైపు ముందు అద్దంలోంచి చూస్తే కనబడుతుంది. అమెరికా రహదారుల భద్రతా సంస్థ వారి దగ్గర ఆ నంబరు ఇస్తే, కంపెనీ ఉచితంగా సరిచేయవలసిన లోపాలేమైనా మిగిలిపోయాయేమో ఉచితంగానే చెబుతారు. టకాటా కంపెనీ గాలిసంచుల కథ మీరు వినే ఉంటారు. గుద్దుకున్నప్పుడు ప్రాణం కాపాడవలసిన సంచి, లోపలి రసాయనం పాడై పేలి, ఇనప ముక్కలు విసిరేది. అమెరికాలో ఆరు కోట్లకు పైగా సంచులను వెనక్కి పిలిపించారు. ఎన్నో కంపెనీల కార్లలో అవి ఉన్నాయి. వేడీ తేమా ఉన్నచోట ప్రమాదం ఎక్కువ. పాత కార్లలో కొన్ని ఇంకా మార్చకుండా తిరుగుతున్నాయి. మా కరోలా నంబరు చూస్తే ఆ మార్పు జరిగిపోయినట్టే తేలింది. జరగకపోతే, మార్చేదాకా కారు తీసేది లేదని చెప్పి ఉండేవాణ్ణి.

డబ్బు చేతులు మారిన రోజున ఆ పెద్దాయనా, మావాడూ కలిసి కౌంటీ పన్నుల ఆఫీసుకు వెళ్లి, ఇద్దరూ సంతకాలు చేసి, పేరు మార్పించుకున్నారు. పాత నంబరు ప్లేట్లు ఆయన విప్పుకుని తీసుకెళ్లాడు.

ఇక ఇన్సూరెన్సు. టెక్సాస్ చట్టం అడిగే కనీస బీమా ఇది: మనవల్ల గాయపడ్డ మనిషికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000. ఇదంతా ఎదుటివాళ్లకే. మన కారు తుక్కయితే పైసా రాదు. పాతికేళ్లు నిండని కుర్రాడు, కొత్త లైసెన్సు, ఆ దేశంలో బండి నడిపిన చరిత్ర లేదు. కంపెనీలు ఎక్కువే అడుగుతాయి. కారు ఎంచుకున్నాక, డబ్బు కట్టకముందే దాని నంబరు చెప్పి నాలుగు కంపెనీల ధరలు తెలుసుకోవాలి. మావాడికి వాటిమధ్య తేడా ఆరు నెలలకు 300 డాలర్ల పైచిలుకు వచ్చింది. కనీసం మీద మరికొంత కట్టి ఎదుటివాళ్లకిచ్చే మొత్తాలు పెంచుకోమన్నాను. ఈ రోజుల్లో ఎదుట వచ్చే కారే 50,000 డాలర్లది కావచ్చు.

కారు వచ్చింది గదా అని సాయంత్రాలు భోజనం పొట్లాలు చేరవేసి నాలుగు డాలర్లు సంపాదిద్దామని ఒక స్నేహితుడు మావాడికి ఊదాడు. విద్యార్థి వీసా మీద అనుమతి లేకుండా కాలేజీ బయట అటువంటి సంపాదన కూడదు. వీసాకే ముప్పు. మామూలు బీమా కూడా ఆ పనిలో జరిగిన ప్రమాదానికి సాధారణంగా వర్తించదు. ఇది మా బావగారితో చెప్పించాను. తండ్రి మాటకు బరువెక్కువ.

గదిలో నలుగురు కుర్రాళ్లున్నారు. “ఒక్కసారి తాళాలిస్తావా?” అన్న ప్రశ్న మొదటి వారమే వచ్చింది. ఒకే ఇంట్లో ఉంటూ కారు నడిపేవాళ్ల పేర్లన్నీ బీమా కంపెనీకి చెప్పాలి. దాచిపెడితే ప్రమాదం జరిగిన రోజున పేచీ పెడతారు. స్నేహితుడు గుద్దినా మొదట కదిలేది కారు యజమాని బీమానే. మావాడు మొహమాటపడకుండా, తాళాలివ్వను గాని ఎక్కడికైనా దింపుతానన్నాడట. ఇప్పుడు శనివారం పొద్దున్నే నలుగురూ కలిసి కూరగాయలకు వెళ్తున్నారు. పెట్రోలు కోసం వంటింట్లో ఒక ఖాళీ పచ్చడి సీసా పెట్టారు. తలా మూడు డాలర్లు అందులో వేస్తేగాని బండి కదలదట.