‘ఏమీ లేదు’ అని పంపివేస్తే సరిపోదు

గుండెదడ, ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం వంటి బాధలతో అర్ధరాత్రి ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి చేరే వారందరిదీ గుండెజబ్బు కాదు. ఈసీజీ తీస్తారు, రక్తం పరీక్షిస్తారు, ‘ఏమీ లేదు’ అని పంపివేస్తారు. తీవ్రమైన ఆందోళన, కుంగుబాటు కూడా ఇవే లక్షణాలతో బయటపడతాయి. కానీ ఆ సంగతి చీటీలోకి ఎక్కదు. మన ఇళ్లలో తల్లులు, అక్కచెల్లెళ్లు ‘దిల్ ఘబ్రా రహా హై’ అంటారు. ఆ మాటలో మనసు బాధ కూడా ఉందని అడిగి తెలుసుకునే వారు అక్కడ అరుదు.

పురుగుమందు తాగిన బిడ్డను ‘పొరపాటున తాగాడు’ అని చెప్పి చేర్పించే కుటుంబాలను మనం ఎరుగుదుము. పోలీసు కేసు భయం, పరువు భయం, పెళ్లి సంబంధాల భయం వారి చేత అలా పలికిస్తాయి. విషానికి చికిత్స జరుగుతుంది. విషం తాగించిన వేదన అలాగే ఇంటికి తిరిగి వెళుతుంది.

చట్టం ఈ విషయంలో మనకు అండగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరే విధంగా రుజువైతే తప్ప, ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించరాదు. చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యత. మత వివక్ష లేని మానసిక వైద్యం 18వ సెక్షన్ ఇచ్చిన హక్కు.

రోగుల రద్దీలో ఇదంతా సాధ్యమా అని వైద్యులు అడగవచ్చు. అమెరికాలో ఎనిమిది ఆసుపత్రుల అత్యవసర విభాగాలలో, ఏ బాధతో వచ్చినవారినైనా ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగే పద్ధతిని అమలు చేసి చూశారు. అలాంటి ఆలోచనలో, యత్నమో ఉన్నట్టు గుర్తించిన రోగులు 2.9 శాతం నుంచి 5.7 శాతానికి పెరిగారు. రెండు వారాలుగా మనసు దిగులుగా ఉందా, దేనిమీదా ఆసక్తి లేదా అన్న రెండు ప్రశ్నలను నర్సు కూడా నిమిషంలో అడగగలదు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ.

అయితే ఆ ప్రశ్న రోగి భాషలో ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉర్దూ రెండో అధికార భాష. క్యాజువాలిటీలోనూ అది వినిపించాలి. భర్త, అత్తమామల ఎదుట ఏ స్త్రీ తన గోడు చెప్పుకోలేదు కనుక ఆమెను విడిగా అడగాలి. బాధ బయటపడిన వారిని మానసిక వైద్యునికి అప్పగించే వరకు ఆసుపత్రి బాధ్యత తీరదు. ఈ మూడింటినీ ఆసుపత్రి అభివృద్ధి కమిటీల ముందు మనం డిమాండుగా ఉంచాలి.

మన వంతు కర్తవ్యమూ ఉంది. 1284లో కైరోలో నెలకొన్న మన్సూరీ ఆసుపత్రిలో మానసిక రోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. ఆ వారసత్వం గల మనం మానసిక వ్యాధిని గాలి, ‘అసర్’ అని దాచిపెట్టడం తగదు. దుఆ చేద్దాం, వైద్యమూ చేయిద్దాం. టెలీ మానస్ 14416 నంబరు రాత్రింబవళ్లు ఉచితంగా పలుకుతుంది. మసీదు కమిటీలు దానిని నోటీసు బోర్డుపై రాయించాలి; వైద్యునికి నిజం చెప్పమని కుటుంబాలకు ధైర్యమివ్వాలి.