ఈత వద్దన్నారు, మొసలి ఉందనలేదు

2016 జూన్ 14, రాత్రి తొమ్మిది గంటల ప్రాంతం. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో, గ్రాండ్ ఫ్లోరిడియన్ హోటల్ ముందున్న ఇసుక ఒడ్డు. సెలవులకు నెబ్రాస్కా నుంచి వచ్చిన ఒక కుటుంబంలోని రెండేళ్ల పిల్లవాడు ఇసుకతో కోట కట్టుకుంటూ, నీళ్ల కోసం సరస్సు అంచుకు వెళ్లాడు. అక్కడ నీళ్ల లోతు అడుగుకు మించదు. మొసలి వచ్చి వాణ్ని నోట కరుచుకుని లోపలికి లాక్కుపోయింది. తండ్రి నీళ్లలోకి దూకి పెనుగులాడాడు. బిడ్డ దక్కలేదు. మర్నాడు మధ్యాహ్నం గజ ఈతగాళ్లకు మృతదేహం దొరికింది.

ఆ ఒడ్డున బోర్డు లేకపోలేదు. 'ఈత కొట్టరాదు' అని ఉంది. ఆ పిల్లవాడు ఈత కొట్టలేదు. తల్లిదండ్రులు ఏ నిబంధననూ మీరలేదు. ఒడ్డున తెల్లటి ఇసుక పరిచి, పడక కుర్చీలు వేసి, సాయంత్రం పూట ఆరుబయట సినిమా చూపించే చోట, నీళ్లు తాకడం ప్రాణం మీదికి తెస్తుందని ఎవరికి తోస్తుంది? ఈత వద్దన్న బోర్డు చూసినవాళ్లు లోతు ఎక్కువేమో, పడవలు తిరుగుతాయేమో, నీళ్లు బాగుండవేమో అనుకుంటారు. కారణం చెప్పని నిషేధాన్ని ఎవరి ఊహకు తగ్గట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు.

యాజమాన్యానికి తెలియని సంగతా ఇది? ఫ్లోరిడాలో ఎలిగేటర్ జాతి మొసళ్లు సుమారు 13 లక్షలని ఆ రాష్ట్ర వన్యప్రాణి సంస్థ అంచనా. 67 కౌంటీల్లో అవి లేని కౌంటీ లేదు. 1967లో అంతరించిపోతున్న జీవుల జాబితాకెక్కిన ఈ జాతి, 1987 నాటికి పూర్తిగా కోలుకుందని ప్రకటించారు. డిస్నీ వారి సరస్సు మనుషులు తవ్విందే అయినా, పక్కనున్న సహజమైన బే లేక్‌తో కలిసే ఉంటుంది. మొసలికి ఆ తేడా ఏముంటుంది? పైగా ఈ ఘటనకు ముందు ఏళ్ల తరబడి ఆ ప్రాంగణంలో మొసళ్లను పట్టి తొలగిస్తూనే ఉన్నారు. పట్టేవాళ్లకు తెలుసు, పట్టించేవాళ్లకు తెలుసు. డబ్బు కట్టి గది తీసుకున్న అతిథికే తెలియదు.

ఘటన జరిగిన మూడు రోజులకే కొత్త బోర్డులు వెలిశాయి. మొసళ్లున్నాయి, పాములున్నాయి, నీటికి దూరంగా ఉండండి, జంతువులకు తిండి పెట్టకండి అని బొమ్మలతో సహా రాశారు. ఒడ్డు పొడవునా తాళ్లు కట్టారు, తర్వాత బండరాళ్లు పేర్చారు. పార్కులో జరిగే ఊరేగింపులోని పీటర్ పాన్ కథ మొసలిని కూడా తీసేశారు. మూడు రోజుల్లో అయిన పని, పార్కు తెరిచిన 1971 నుంచి 45 ఏళ్లపాటు ఎందుకు కాలేదు? భయపెట్టే బోర్డు సెలవుల సరదాను చెడగొడుతుందన్న లెక్క తప్ప మరో కారణం ఊహించడం కష్టం.

ఇలాంటి దాడులు చాలా అరుదు కదా అనేవాళ్లున్నారు. నిజమే. విశాఖ తీరంలో ఏటా అలలకు కొట్టుకుపోయేవాళ్లను తలుచుకుంటే మొసలి ముప్పు లెక్కలోకే రాదనిపిస్తుంది. కానీ అలను చూసి ఎవరైనా కాస్త వెనకాడతారు. మొసలి కనపడదు. కళ్లు, ముక్కు రంధ్రాలు మాత్రమే నీటిపైన ఉంచి, మిగతా ఒళ్లంతా ముంచి కదలకుండా ఉంటుంది. చీకట్లో టార్చి వేస్తే ఎర్రగా మెరిసే రెండు చుక్కలే దాని ఆనవాలు. పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లవారేదాకా అది వేటలో చురుగ్గా ఉంటుంది. మే, జూన్ దానికి జత కట్టే కాలం కూడా. పిల్లలు, కుక్కలు దాని మామూలు ఆహారమంత ఉంటారు. 2018లో దక్షిణ కరోలినాలోని హిల్టన్ హెడ్ విహార ద్వీపంలోనూ, 2023లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌లోనూ మొసళ్లకు బలైన మహిళలిద్దరూ చెరువు పక్కన కుక్కను నడిపిస్తున్నవాళ్లే.

వేసవిలో పిల్లల దగ్గరికి ఆర్లాండో, టాంపాలకు వెళ్లే మన అమ్మానాన్నలు ఈ మాట గుర్తుంచుకోవాలి. అక్కడి కాలనీల్లో వాననీటి కోసం తవ్విన చెరువుల చుట్టూ సాయంత్రం నడక వాళ్లకు మహా ఇష్టం. బాతులకు రొట్టె ముక్కలు వేయడం ఇంకా ఇష్టం. ఆ ముక్కలు మొసలినీ రప్పిస్తాయి. ఫ్లోరిడాలో మొసలికి తిండి పెట్టడం చట్టరీత్యా నేరం. అలవాటు పడ్డ మొసలి మనిషిని చూస్తే తిండే వచ్చిందనుకుంటుంది. నాలుగడుగులు దాటిన దాని మీద ఫిర్యాదు వస్తే పట్టుకుంటారు. దూరంగా వదిలినా పాత చోటికే రావాలని చూస్తుంది కనుక చాలావరకు చంపేస్తారు. సరదా పడ్డవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

మొసలి ఉందని హెచ్చరించే విషయంలో ఉత్తర ఆస్ట్రేలియా మొహమాటపడదు. నార్తర్న్ టెరిటరీలో వేట వల్ల కొన్ని వేలకు పడిపోయిన ఉప్పునీటి మొసళ్లు, 1971లో దాన్ని నిషేధించాక ఇప్పుడు లక్ష దాకా పెరిగాయి. అక్కడి ఏటి రేవుల్లో నోరు తెరిచిన మొసలి బొమ్మతో పసుపు బోర్డులుంటాయి. చాలాచోట్ల ఇంగ్లిష్‌తో పాటు జర్మన్‌లోనూ హెచ్చరిక ఉంటుంది, ఎందుకంటే వచ్చేవాళ్లలో ఆ దేశస్థులు ఎక్కువ. అంచున చేపలు శుభ్రం చేయొద్దు, రోజూ ఒకే చోటికి నీళ్లకు రావొద్దు అనీ చెబుతారు. రోజూ వచ్చే మనిషిని మొసలి గమనిస్తూ ఉంటుందట. ఇంత భయపెట్టినా అక్కడికి పర్యాటకులు రావడం మానలేదు సరికదా, పడవెక్కి మొసళ్లనే చూడబోతున్నారు!

మనకు దగ్గర్లో అండమాన్ ఉంది, తెలుగువాళ్లు తరాలుగా స్థిరపడ్డ చోటు. 2010లో హావ్‌లాక్ దీవిలో, రాధానగర్ బీచ్ పక్కన నీళ్లలోకి దిగిన అమెరికన్ పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి చంపింది. దీవుల్లో మొసలి హెచ్చరికలు ఈ మధ్య బాగానే కనిపిస్తున్నాయి. తెలంగాణలో మంజీరా జలాశయం, మంథని దగ్గర గోదావరిలో శివారం అభయారణ్యం మన మగ్గర్ మొసళ్లకు పేరున్న చోట్లు. అక్కడ వల వేసే జాలరికి ఏ మడుగులో ఏముందో తెలుసు. వారాంతానికి హైదరాబాద్ నుంచి పిల్లలతో వచ్చే కుటుంబానికి తెలియదు.

నీటి పక్కన రిసార్టుకు అనుమతి ఇచ్చేటప్పుడు అటవీ శాఖ రెండు షరతులు పెట్టవచ్చు: ఆ నీళ్లలో ఏ జంతువుందో దాని పేరు, బొమ్మ బోర్డు మీద ఉండాలి, తెలుగులో ఉండాలి, చీకటి పడ్డాక ఒడ్డుకు దారి మూసేయాలి. గది తాళం చేతికిచ్చేటప్పుడు టిఫిన్ వేళలు, వైఫై పాస్‌వర్డ్ ఎలాగూ చెబుతున్నారు. నీళ్లలో ఏముందో కూడా ఆ నిమిషంలోనే చెప్పేయొచ్చు.